తల్లిపిండి రైలెక్కింది

బాసెల్,
ఆదివారం సాయంత్రం.

నిన్ఫాకు గాస్పరె రాసేది.

ఇక్కడ నేను, అమ్మాయి ఎంజా, అల్లుడు రెటో అందరం కులాసా. అక్కడ నువ్వు, అబ్బాయి లిబోరియో, మన పొయ్యి కులాసాగా ఉన్నారని తలుస్తాను. పొయ్యిని కూడా మనుషుల్లో కలిపేశానని నవ్వకు. పెళ్ళయిన దగ్గర్నుంచి దాన్ని వదిలి ఇన్ని రోజులు నేనెక్కడా ఉండలేదు. నిన్ను వదిలి కూడా అంతే.

ముందుగా నీ చెవిన పడవలసిన మాట. రొట్టె పొంగింది. నిన్న శనివారం ఎంజా దుకాణం తలుపు తీసింది. మధ్యాహ్నం భోజనాల వేళకు అరల్లో రాలిన నువ్వుగింజలు తప్ప ఏమీ మిగలలేదు. ఎంజా ఫోనులో చెప్పే ఉంటుంది, కానీ అది దాని మాట. నా మాట నేను చెప్పుకోవాలి. ఫోనులో నువ్వు అడుగుతావు, నేను 'ఆ' అంటాను, 'ఊ' అంటాను, నువ్వు విసుక్కొని పెట్టేస్తావు. కాగితం మీదైతే కాస్త మాట్లాడగలను. రోజూ పద్దు రాసుకొనే అలవాటు ఉన్నవాడికి కాగితమంటే బెరుకు ఉండదు.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. అడిగినవాటికి అన్నిటికీ జవాబు చెబుతాను. ఎంజా పంపిన ఫోటోలో తల్లిపిండి చక్కెర డబ్బాలో ఉందేమిటి, మీ అమ్మ జాడీ ఏమైంది అని కూడా అడిగావు. ఆ మాటను రెండుసార్లు గీత గీసి మరీ అడిగావు. దానికీ జవాబుంది. కాస్త ఓపిక పట్టు, దారిలో వస్తుంది.

తిండి బాగానే ఉంది. వీళ్ళు ఎండ పూర్తిగా దిగకముందే రాత్రి భోజనం చేసేస్తారు. మొదటి రెండు రోజులూ నేను దాన్ని సాయంత్రం పలహారమనుకొని తక్కువ తిని, పడుకొనేటప్పుడు అసలు భోజనం కోసం ఎదురుచూశాను. రెటోకి నా అవస్థ అర్థమై, ఏమీ అనకుండా ఒక జున్నుముక్క తెచ్చి నా పక్కన పెట్టాడు. అల్లుడు నాకంటే తక్కువ మాట్లాడతాడు. ఇద్దరం బాగా కలిశాం.

పొయ్యి ఎలాంటిదన్నావు. కరెంటు పొయ్యి. లోపల అడుగున రాతిపలక ఉంది, అది నయం. ఆలివ్ కొమ్మల చిటపటలు లేవు, పొగ లేదు. ఒక మీట నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది, అంతే. మొదటిరోజు దాని ముందు నిలబడితే, భాష తెలియని బంధువుల ఇంటికి వచ్చినట్టుంది. ఇప్పుడు దాని అలవాటు తెలిసింది. ఎడమ మూల కోపిష్టిది. ఆ మూల పెట్టిన రొట్టెలను మధ్యలో ఒకసారి తిప్పాలి.

ఇక లిబోరియో మాట. రైల్లో వెళ్ళినవాళ్ళు సగం చచ్చి దిగుతారని వాడింకా అంటున్నాడని రాశావు. వాడు అనడానికి కారణముంది. ఆ రోజు మన వంటింట్లో జరిగిన గొడవను రైల్లో కూర్చొని చాలాసార్లు తలుచుకున్నాను. ఎంజా తీసుకెళ్ళిన మొదటి పిండి విమానాశ్రయం తనిఖీలోనే ఆగిపోయింది. ముద్దలాంటి పదార్థం ఇంతకంటే ఎక్కువ ఉండకూడదని, దాని కళ్ళముందే చెత్తబుట్టలో పడేశారు. రెండోసారి పెట్టెలో పెట్టి పంపితే ఆ పెట్టె ఏ ఊరికో వెళ్ళి, తిరిగొచ్చేసరికి లోపలిది పిండి కాదు, బంక. మూడోసారి నువ్వు ఎండబెట్టి పోస్టులో పంపావు. నీళ్ళు పోస్తే లేచింది కానీ, 'అమ్మా, ఇందులో అమ్మమ్మ వాసన లేదు' అని పిల్ల ఫోనులో ఏడ్చింది. దుకాణానికి అద్దె కట్టేసింది. మన ఊరి గోధుమపిండి బస్తాలు లారీలో ముందే చేరిపోయాయి. బోర్డు మీద మన ఊరి పేరుతో కస్తెల్వెత్రానో నల్లరొట్టె అని రాయించేసింది. రావలసింది రొట్టెను పులియబెట్టి పొంగించే తల్లిపిండి ఒక్కటే. అది లేకపోతే అక్కడ నల్లరొట్టె అని రాసుకోవడం అబద్ధం.

అప్పుడు కదా వాడు బల్ల మీద విమానం టికెట్ పెట్టింది.

"గంటన్నర నాన్నా. కాఫీ తాగి కప్పు కింద పెట్టేలోపు దిగిపోతావు. కుండెడు పిండి ఎందుకు? అమ్మ ముఖానికి రాసుకునే క్రీము డబ్బా ఉంది కదా, దాంట్లో చిటికెడు పెట్టుకో. ఎవడూ అడగడు. చిటికెడు చాలదా చెప్పు?"

"మా అమ్మ పిండిని క్రీము డబ్బాలో దొంగసరుకులా పంపుతానా? పైగా ఆ యంత్రంలోంచి తోస్తారు. ఆ కిరణాలు తగిలాక అది పొంగుతుందా?" అన్నావు నువ్వు.

"పోయినేడాది నడుంనొప్పికి నువ్వు ఎక్స్‌రే తీయించుకున్నావు. నీకేమైందమ్మా?"

"నేను పొంగాల్సిన పని లేదురా."

నేను 'రైలు' అన్నాను. ఆ ఒక్కమాటే అని లేచిపోయానని వాడి కోపం. నిజం చెప్పాలంటే వాడి లెక్క తప్పు కాదు. చిటికెడు చాలు, రోజూ పిండీ నీళ్ళూ కలుపుతుంటే అదే కుండెడవుతుంది. ఆ సంగతి పిండి పిసికేవాడికి తెలియనిదా. కానీ ఎంజా చిన్నప్పుడు జ్వరమొస్తే పలెర్మో ఆసుపత్రికి ఎలా తీసుకెళ్ళాం? ఒళ్ళో పెట్టుకొని. ఇదీ అలాగే వెళ్ళాలనిపించింది. ఆ మాట వాడి ముందు అనలేకపోయాను.

బస్సు దగ్గర నువ్వు జాడీని నా చేతికిచ్చి చెప్పినవన్నీ దారంతా మననం చేసుకుంటూనే వెళ్ళాను. ఎండ తగలనీకు. గాలి తగలనీకు. దీపాలవేళ మూత తీసి శిలువ గుర్తు పెట్టు. బయటివాళ్ళకు ఒక్క పిసరు ఇవ్వకు, దీపాలు పెట్టాక అసలే ఇవ్వకు, ఇచ్చిన ఇంట్లో ఇక రొట్టె పొంగదు. మీ అమ్మ నీకు చెప్పినవే. నువ్వు ఎంజాకు చెప్పినవే.

పలెర్మోలో రైలెక్కాను. మా పెట్టెలో నాతోపాటు ఇద్దరు. ఒకామె బగేరియా మనిషి, దొన్నా ఫిలిప్పా. మిలానులో కొడుకు దగ్గరికి వెళ్తోంది, కోడలు నీళ్ళాడి మనవణ్ణి కంది. ఆమె సామాను చూస్తే ఊరు ఖాళీ చేసి వెళ్తున్నట్టుంది. టమాటా గుజ్జు సీసాలు, నూనె డబ్బా, తాడు కట్టిన జున్నులు, రవ్వపిండి సంచి. రెండో మనిషి నున్‌ట్సియో, మెస్సీనావాడు. రైలు పెట్టెలను ఓడలోకి ఎక్కించే రేవులో పనిచేసి పదవీ విరమణ చేశాడట. సీటు మీద కాళ్ళు చాపుకోవడానికి చోటు లేదని మొదలుపెట్టాడు.

"మిలానులో టమాటాలు దొరకవా అమ్మా?"

"దొరుకుతాయి. ఎర్రగా ఉంటాయి, అంతవరకే. మీరు మిలానులో ఏం తింటున్నారో గానీ, ఆ ముఖం చూస్తే తెలుస్తోంది."

నేను జాడీని పక్క సీటులో పెట్టి, మన ఇంట్లో పెట్టినట్టే నా కోటు కప్పాను. అది వేసవి రైలు అనీ, పెట్టె అప్పటికే వెచ్చగా ఉందనీ నాకు తోచలేదు. మగవాడి కోటు కింద పడుకోకపోతే పిండికి నిద్ర పట్టదని మీ అమ్మ అన్నమాటే తలలో ఉంది. టికెట్లు చూసేవాడు వచ్చి, గొంతు తగ్గించి, "పాపాయికి టికెట్ అక్కర్లేదులెండి" అన్నాడు. ఫిలిప్పా నవ్వాపుకోలేక రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నున్‌ట్సియో మాత్రం గంభీరంగా, "అమ్మమ్మ పోలిక" అన్నాడు. జాడీ సంగతి నేను ముందే చెప్పేశాను కాబట్టి ఇద్దరికీ తెలుసు.

రైలు సముద్రం వెంట పోతోంది. నిన్ఫా, మన దీవిలో పుట్టి ఇన్నేళ్ళయినా, ఆ దీవి అంచు ఎలా ఉంటుందో నేను చూడలేదు. పొయ్యి నోరు చూశాను, అంతే. ఒకపక్క నీళ్ళు, ఒకపక్క నిమ్మతోటలు. విమానంలో అయితే ఇదంతా కిటికీ కింద నీలం మరకలా పోయేదట, లిబోరియోయే చెప్పాడు.

పొద్దు వాలుతుండగా మెస్సీనా చేరాం. రైలును ముక్కలు చేసి, పెట్టెలను జతలు జతలుగా ఓడ కడుపులోకి తోస్తారు. మనం పైకి వెళ్ళి గాలి పీల్చుకోవచ్చు. అక్కడ అమ్మే బియ్యపు ఉండలు తినకపోతే సముద్రం దాటినట్టు కాదని ఇద్దరూ ఒకే మాట మీద నన్ను లేపారు. జాడీని సామాను అర మీదికి ఎక్కించి, కోటుతో కట్టి, పైకి వెళ్ళాను. మళ్ళీ కిందికి దిగేదాకా ఆ ఇద్దరూ ఆ ఉండ పేరు గురించే పోట్లాడారు.

"అరంచీనా అనాలయ్యా. గుండ్రంగా ఉంటుంది, ఆడపిల్ల."

"మా ఊళ్ళో అరంచీనో. ముక్కు ఉంటుంది, మగవాడు."

"తినే వస్తువుకి ముక్కెందుకయ్యా? మీకు ఎక్కడ ఏది పెట్టాలో తెలియదు."

కిందికి దిగి మా సీట్లలో కూర్చున్నాం. అవతలి ఒడ్డున కలాబ్రియా దీపాలు దగ్గరపడ్డాయి. ఓడ ఆగింది. పెట్టెలను బయటికి లాగడానికి ఇంజను తగిలిస్తున్నారు. నున్‌ట్సియో వేలెత్తి, "చూడండి, మావాళ్ళ పనితనం. గ్లాసులో నీళ్ళు కూడా తొణకవు" అన్నాడు. సరిగ్గా అప్పుడే నాకు శిలువ గుర్తు పెట్టలేదని గుర్తొచ్చింది. దీపాలవేళ దాటిపోతోంది. లేచి, కోటు ముడి విప్పి, జాడీని రెండు చేతులతో కిందికి దించుతున్నాను. ఇంజను తగిలింది. గ్లాసులో నీళ్ళు తొణికాయో లేదో తెలియదు. నేను తూలాను.

అదీ సంగతి నిన్ఫా. మీ అమ్మ జాడీ పగిలిపోయింది. ఇంకెవరి తప్పూ కాదు, నా చేతుల్లోంచే పడింది. జాడీలోని పిండి మొత్తం నేల మీద పరుచుకొంది. పెంకులు, పైపూత గాజురవ్వలు, రైలు నేల మీది నల్లమట్టి, అన్నీ అందులో కలిసిపోయాయి. పైపైన తీసుకుందామని వంగాను. ఫిలిప్పా నా చెయ్యి పట్టుకొని ఆపింది. "వద్దు మేస్త్రీ. గాజు. రేపు ఎవరో ఒక బిడ్డ కొరుకుతుంది" అంది. ఆమె చెప్పింది నిజమే. వార్తాపత్రిక కాగితాలతో మేం ముగ్గురం దాన్నంతా ఎత్తి పారేశాం. నున్‌ట్సియో తన చేతిరుమాలుతో నేల తుడిచాడు. జాడీ అడుగుభాగం మాత్రం చిప్పలా నిలిచింది. దాన్ని కోటులో చుట్టుకున్నాను. ఆనాటి పద్దులో 'జాడీ ఒకటి' అని రాసి, ఎదురుగా ధర వేయబోయి మానేశాను.

నువ్వు ఇక్కడ ఉత్తరం పక్కన పెట్టేసి ఉంటావు. కాసేపు తిరిగి, మళ్ళీ తీసుకుంటావు. తీసుకున్నాక అడుగుతావు, మరి నిన్న శనివారం రొట్టె దేంతో పొంగిందని.

నేను ముందు ఒక మాట దాటేశాను. ఓడ ఎక్కకముందు, మెస్సీనా స్టేషనులో మా పెట్టె వంతు కోసం చాలాసేపు ఆగాం. బయట దీపాలు పెట్టేశారు. జాడీ ఎలా ఉందోనని మూత తీశాను. వేడికి బాగా పొంగి, గుడ్డను పైకి నెట్టేస్తోంది. ఆ వాసన పెట్టెంతా నిండింది. ఫిలిప్పా అప్పటిదాకా ఆపకుండా మాట్లాడుతున్న మనిషి, ఠక్కున ఆగిపోయింది. జాడీ మీదికి వంగి, కళ్ళు మూసుకొని వాసన పీల్చింది.

"మా ఇంట్లోనూ ఉండేది" అంది. "అమ్మ పోయినప్పుడు మేం ఏడుపుల్లో పడి పొయ్యి వెలిగించలేదు. కొత్త పిండీ నీళ్ళూ కలిపి దానికి తిండి పెట్టడం అందరం మరిచాం. తర్వాత మూత తీస్తే నల్లగా అయిపోయింది. అమ్మని ఒకసారి పాతిపెట్టాం. దాన్ని పారబోసినప్పుడు రెండోసారి."

ఆమె నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే, దొన్నా ఫిలిప్పా, మా ఇంటి నియమం ఇదీ అని చెప్పేవాణ్ణి. అడగలేదు కాబట్టే చెప్పలేకపోయాను. కిటికీలోంచి దీపాలు కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని చూస్తూనే నేను జాడీలో చెయ్యి పెట్టి, నిమ్మకాయంత తీసి, ఆమె చేతిలో పెట్టాను. పరాయి మనిషికి. దీపాలు పెట్టాక. రెండు నియమాలూ ఒక్క చేత్తోనే.

ఆమె దాన్ని రవ్వపిండిలో దొర్లించి, తడి రుమాలులో కట్టి, రవిక లోపల దాచుకొంది. ఓడ మీద ఆ బియ్యపు ఉండను సగం కొరికి కాగితంలో చుట్టేశాను. ఒక నియమం తప్పాను కదా, శిలువ గుర్తైనా పెట్టి తీరాలన్న తొందరలోనే రైలు కదిలే వేళ చూసుకోకుండా లేచాను. లేకపోతే జాడీ అర మీదే భద్రంగా ఉండేది. ఇది ఎంజాకు తెలుసు. "అమ్మకు నువ్వే చెప్పుకో నాన్నా, నన్ను మధ్యలో పెట్టకు" అంది. అందుకే ఇన్నాళ్ళూ ఫోనులో 'ఆ', 'ఊ' ఇంకా తగ్గాయి.

నేల తుడవడం అయ్యాక నేను సీటులో కూలబడ్డాను. ఎంజాకు ఏం చెప్పాలి, నీకు ఏం చెప్పాలి అని తప్ప ఇంకేమీ తోచలేదు. ఫిలిప్పా గోడవైపు తిరిగి, రవిక లోంచి రుమాలు తీసింది. ముద్దను దారంతో సగానికి కోసింది. రెండు సగాలూ చేతిలో పెట్టుకొని పోల్చి చూసి, పెద్దది నాకిచ్చింది.

"తీసుకో మేస్త్రీ. నువ్వు ఇచ్చిందే."

"ఇచ్చింది తిరిగి ఎలా తీసుకుంటాను?"

"తిరిగి ఇవ్వడం లేదయ్యా. నాది నాకుంది. నీది నీకిస్తున్నా. ముక్కు చీదుకొని పిండి పని చూడు."

పనిలో పడ్డాం. రవ్వపిండి ఆమెది, నీళ్ళు నా సీసాలోవి, చక్కెర డబ్బా నున్‌ట్సియోది. అందులోని చక్కెరంతా ఆయన కాగితంలో పోసుకొని జేబులో పెట్టుకున్నాడు. మిలాను చేరేదాకా ఆయన జేబుకి చీమలు పట్టకపోవడం ఆశ్చర్యం. తెల్లవారేసరికి టికెట్లు చూసేవాడు మారిపోయాడు. మొదటివాడు చెప్పి వెళ్ళాడో ఏమో, కొత్తవాడు తొంగిచూసి, "పాప ఏదీ?" అన్నాడు. ఫిలిప్పా డబ్బా ఎత్తి చూపించి, "నిన్నటికంటే చిన్నదైంది, పాలు పట్టాలి" అంది. ఆ మనిషి తలుపు వేసుకొని వెళ్ళిపోయాడు.

మిలానులో ఫిలిప్పా కొడుకు ఎదురొచ్చాడు. మంచివాడే, తొందర మనిషి. "అమ్మా, కారు అడ్డంగా పెట్టి వచ్చాను, రా" అని సామాను ఎత్తుతున్నాడు. ఆమె ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుంది.

"ఇది పొంగేదాకా నేను రాను."

"ఏది పొంగేదాకా?"

"నీకు తెలియదులే. మిలాను వచ్చాక నువ్వు పొట్లం రొట్టె తింటున్నావు."

నా బాసెల్ రైలు వచ్చింది, వెళ్ళిపోయింది. దాని తర్వాతిదీ రానీ అన్నాను. బెంచీ మీద నేను, ఆమె, నున్‌ట్సియో. మా ఎదురుగా కొడుకు, చేతిలో జున్నులు వేలాడుతూ. మా నలుగురి మధ్యలో చక్కెర డబ్బా. దాని మూత కదిలింది. మొదట కదల్లేదేమో అనుకున్నాను. తర్వాత ఒక పక్క లేచింది. తర్వాత జారి బెంచీ మీద పడి మోగింది. నున్‌ట్సియో లేచి, టోపీ తీసి, డబ్బా ముందు నిలబడ్డాడు. ఆ తొందరమనిషి కొడుకు కూడా వంగి వాసన చూశాడు. చూసి, "అమ్మమ్మ వంటిల్లు" అన్నాడు. కారు గురించి మళ్ళీ మాట్లాడలేదు.

సరిహద్దులో ఒక అధికారి డబ్బా మూత తీయించాడు. ఇది ఆహారమా అని అడిగాడు. ఇంకా కాలేదన్నాను. ఆయన నా ముఖం చూసి, డబ్బా చూసి, మూత పెట్టుకొమ్మన్నాడు. తర్వాత కొండల కింద సొరంగం, ఎంతసేపో. డబ్బా ఒళ్ళో ఉంది. లిబోరియో మీద నాకు కోపం లేదు నిన్ఫా. విమానమైతే జాడీ పగిలేది కాదు, అసలు జాడీ ఉండేదే కాదు. చిటికెడు చాలన్నాడు, చివరికి ఇక్కడికి చేరింది చిటికెడే. వాడి లెక్క గెలిచింది. కానీ ఆ చిటికెడు నాకు ఇచ్చే మనిషి విమానంలో నా పక్కన ఉండేదా? గంటన్నరలో ఎవరు ఎవరి అమ్మ గురించి చెప్పుకుంటారు?

సగం చచ్చి దిగాననుకున్నారు మీరు. దిగీ దిగగానే చేతులు కడుక్కొని పనిలోకి దిగాను.

మొదటి రెండు వాయిలూ పళ్ళేల్లా పరుచుకున్నాయి. దారంతా ఒడిదుడుకులు పడిన పిండి కదా, బలం రాలేదు. ఎంజా వాటిని రస్కులకు కోసింది. నేను వెళ్ళి డబ్బా పక్కనే పడుకున్నాను. మూడోరోజు వేలు పెట్టి నొక్కితే గుంట నెమ్మదిగా పైకి వచ్చింది. నాలుగోరోజు డబ్బా గోడలకు పాకింది. నీకు పంపిన ఫోటోలో ఉన్నది ఆ రోజుదే. ఎంజా డబ్బా మీదికి వంగి వాసన చూసి, నా వైపు తిరిగి, "అమ్మమ్మ వచ్చేసింది నాన్నా" అంది. రెటో వెళ్ళి కిటికీ తలుపు తుడవడం మొదలుపెట్టాడు. అది శుభ్రంగానే ఉంది.

నిన్నటి సంగతి రాస్తున్నాను, కూర్చొని విను. పై అంతస్తులో ట్రూడి అనే ముసలావిడ ఉంటుంది. మన భాష కొంచెం వచ్చు. తెల్లవారుజామున గిన్నెల చప్పుడని ఎంజా మీద రెండుసార్లు ఫిర్యాదు రాసిన మనిషి. దుకాణం తెరవగానే మొట్టమొదట లోపలికి వచ్చింది ఆవిడే. అద్దంలోంచి వేలు చూపించి, "ఇవి మాడిపోయాయి" అంది.

"మాడలేదమ్మా, మా రొట్టె రంగే అది" అంది ఎంజా.

"మా ఇంట్లో ఈ రంగు వస్తే పారేస్తాం."

"అయితే ఒక ముక్క తిని పారేయండి."

నేను ముక్క కోసి, ఆలివ్ నూనె వేసి, ఉప్పు చల్లి ఇచ్చాను. ఆవిడ నిలబడే తింది. నమిలినంతసేపూ నన్నే చూసింది, నేరం చేసినవాణ్ణి చూసినట్టు. తర్వాత ఒక రొట్టె కొనుక్కొని వెళ్ళింది. కాసేపటికి మళ్ళీ వచ్చి ఇంకొకటి కొంది. మూడోసారి వచ్చినప్పుడు వెనకాల ఇద్దరు స్నేహితురాళ్ళున్నారు. "మాడినట్టుంటుంది, మాడలేదు" అని వాళ్ళకు ఆవిడే చెబుతోంది. అప్పటికి వరుస వీధి మలుపు దాటింది. మన దీవివాళ్ళు కూడా చాలామంది వచ్చారు, ఇక్కడ ఇంతమంది ఉన్నారని నాకు తెలియదు. ఒక పెద్దాయన రొట్టె తీసుకొని, అక్కడే సగానికి విరిచి, ముఖం అందులో పెట్టేశాడు. డబ్బులు ఇవ్వడం మరిచిపోయి వెళ్ళిపోయి, సగం దారి నుంచి పరిగెత్తుకొని వచ్చాడు. ఎంజా తూచుతోంది, రెటో కడుతున్నాడు, నేను కోపిష్టి మూలలో రొట్టెలు తిప్పుతున్నాను. మీ అమ్మ పేరు పెట్టుకున్న పిల్ల, మీ అమ్మ పిండితో, ఆవిడ పేరు కూడా ఎవరికీ తెలియని ఊళ్ళో. నువ్వు ఉండాల్సింది నిన్ఫా.

అందుకే అడుగుతున్నాను. దీపాలు పెట్టాక ఇస్తే రొట్టె పొంగదన్నారు. ఇవ్వడం వల్లే పొంగింది. మీ అమ్మ తప్పు చెప్పిందని నేననను. ఆమె కాలంలో ఇరుగుపొరుగు ఎలాంటివాళ్ళో నాకు తెలియదు. నేను నియమం తప్పాను. దానికి నువ్వు కోప్పడితే పడతాను. కానీ దొన్నా ఫిలిప్పాతో ఆ రోజు బయలుదేరే ముందు మన నియమం సంగతి చెప్పేశాను. ఆమె నిన్న ఫోను చేసింది. తన సగం బాగా ఉందట, రోజూ తిండి పెడుతోందట. రొట్టె మాత్రం ఇంకా చేయలేదు. "మీ ఆవిడ ఒప్పుకుంటేనే పొయ్యి వెలిగిస్తాను. వద్దంటే నేనే తెచ్చి ఆమె చేతిలో పెడతాను" అంది. మనవడికి నామకరణం దగ్గరపడుతోంది. ఆమెకు నువ్వే రాయి. చిరునామా ఈ కాగితం వెనక ఉంది.

జాడీ అడుగుచిప్ప ఎంజా దగ్గర ఉంది. అంచులు అరగదీసి, రొట్టెల మీద చల్లే నువ్వులు అందులో పోస్తోంది. కొత్త జాడీ పంపకు. తల్లిపిండి చక్కెర డబ్బాలోనే ఉంటానంటోంది.

లిబోరియో కొన్న విమానం టికెట్ మీద పేరు, తేదీ మార్చుకోవచ్చన్నాడు కదా. వాణ్ణే ఎక్కి రమ్మను, చెల్లెలి దుకాణం చూసినట్టుంటుంది. గంటన్నరే కదా. నేను మాత్రం వచ్చే వారం రైల్లో వస్తాను. మిలానులో ఆగి, నువ్వు ఫిలిప్పాకు రాసిన జవాబు ఏమిటో ఆమె వంటింట్లో వాసన బట్టి తెలుసుకుంటాను.

ఈ ముక్క రాస్తుండగా వీధిలో దీపాలు వెలిగాయి. కింద తలుపు దగ్గర ట్రూడి ముసలావిడ ఖాళీ గిన్నె పట్టుకొని నిలబడి ఉంది. ఇంట్లో రొట్టె తనే చేసుకుంటుందట, కాస్త తల్లిపిండి కావాలట. ఎంజా ఆ గిన్నె తీసుకొని లోపల పెట్టింది. వీధి దీపం వైపు చెయ్యి చూపించి, "ఇప్పుడు కాదండీ, తెల్లారాక రండి" అని చెబుతోంది.

ఇట్లు
నీ అనుమతి అడగకుండా ఇచ్చేసి, ఇప్పుడు అడుగుతున్న నీ భర్త
గాస్పరె